చివరి ఇంటి కాలువ

బావమరిదికి ఆశీస్సులు.

మీ అక్క కులాసా. మొన్నటి వానకి వీధి నీళ్లన్నీ ఇంట్లోకొచ్చాయి. పల్లపు ఇల్లు, పైగా చివరిది. మీ అమ్మ మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. దయతలచి మా మునిసిపల్ ఆఫీసు ఈ వీధికి కాలువ మంజూరు చేసింది. పని పెద్ద కంట్రాక్టరుకేనని లోపల అనుకున్నారు. రూలు ప్రకారం మూడు టెండర్లుండాలి. రెండోది ఆయన తమ్ముడు వేస్తాడు, మూడోది నువ్వు వెయ్యి. ఏదో పెద్ద అంకె రాసి పంపు.

ఇట్లు,
మీ బావ

తా.క.: పని రాకుండా చూసుకోవడమే నీ పని. ఇంత తేలిక పని ఏ మేస్త్రీకీ దొరకదు.

*

బావగారికి నమస్కారాలు.

టెండరు పంపాను. ఆదివారం వచ్చి వీధి కొలిచాను. ఇటుక, ఇసుక, సిమెంటు, కూలి, నా కష్టం కలిపితే ఎంతయిందో అంతే రాశాను. ఎక్కువ రాద్దామని కూర్చున్నాను. రోజూ లెక్క రాసే చెయ్యి, లేని ఖర్చు రాయనంది.

విధేయుడు,
మేస్త్రీ

తా.క.: మంచం కింద ఇటుకలు చూశాను. నాసిరకం. నీళ్లకి నానిపోతాయి.

*

ఒరేయ్ బావమరిదీ,

కొంప ముంచావు! కవర్లు అందరి ముందూ విప్పారు. నీ అంకె పెద్ద కంట్రాక్టరు అంకెలో సగం లేదు. "ఎవడయ్యా ఈ మహానుభావుడు?" అన్నారు ఛైర్మన్ గారు. నేను బల్ల కిందికి వంగి పెన్ను వెతుక్కున్నాను. వాటాలు ముందే ముట్టాయి. ఇంజనీరు భార్య గాజులు కూడా చేయించుకుంది. ఇప్పుడు కక్కమంటే ఎవరు కక్కుతారు? "ఈ రేటుకి నాణ్యమైన పని అసాధ్యం" అని నీ టెండరు కొట్టేశారు. ఆ ముక్క ఫైల్లో రాసింది నేనే. మనసులో పెట్టుకోకు.

నీ మేలు కోరే
బావ

తా.క.: నా వాటాతో మీ అమ్మకి ఎత్తు మంచం కొన్నాను. చూసి మురిసిపోతోంది.

*

బావగారికి,

పెద్ద కంట్రాక్టరు కబురు పెట్టాడు. కాలువ నన్నే కట్టమన్నాడు, నేను రాసినదాంట్లో సగానికి. "పంచాల్సినవాళ్లకి పంచగా మిగిలింది ఇదే" అన్నాడు. నా కూలీలకి నెలగా పని లేదు. ఒప్పుకున్నాను. సిమెంటు తగ్గించమన్నాడు. అది నాకు చేతకాదు. ఎటు నుంచి మొదలుపెట్టమంటారు?

మేస్త్రీ

*

బావమరిదికి,

అదేం ప్రశ్న? వీధి మొదట్లో ఛైర్మన్ గారి ఇల్లుంది కదా, ఆ గుమ్మం నుంచే. మనం ఇంటివాళ్లం, చివర్న చూసుకోవచ్చు. నీకు మేలు చేద్దామని పని పూర్తయినట్టు ఫైల్లో అప్పుడే రాసేశాను. సంతకాలూ అయిపోయాయి.

ఇట్లు,
బావ

తా.క.: పాత ఇటుకలు మీ అక్క బయట పారేసింది. ఇక వాటితో పనేముంది!

*

బావగారికి నమస్కారాలు.

పని గట్టిగానే చేశాను. నా కష్టం వదులుకుంటే, వాళ్లిచ్చిన డబ్బు మీ పక్కింటి గోడ దాకా వచ్చింది. అప్పు చేసి మిగతాది కడదామని మీ ఆఫీసుకెళ్లాను. పూర్తయిన కాలువని మళ్లీ తవ్వితే కేసు పెడతామన్నారు. ఇకమీదట వీధి నీళ్లు ఎక్కడా ఆగవు. తిన్నగా మీ గుమ్మంలోకే వస్తాయి. మిగిలిపోయిన ముక్కకి ఎంతవుతుందో లెక్క చూశాను. ఆ ఎత్తు మంచం ఖరీదు.

రేపు వచ్చి అమ్మని మా ఇంటికి తీసుకెళ్తాను.

విధేయుడు,
మేస్త్రీ

తా.క.: మంచం అక్కడే ఉంచండి. మీరూ అక్కా ఎక్కి కూర్చోవాలి.