లారీ ఆగిన దారి

నాయనా, దేవుని దయతో క్షేమం. సెలవు దొరికి, తోటి నర్సులతో ఇంగ్లండు పల్లెదారుల్లో సైకిల్ తొక్కుతున్నాను. నిన్న సన్నటి దారిలో వెనక లారీ చప్పుడు వినగానే అలవాటుగా దిగి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. లారీ ఆగింది. డ్రైవరు దిగొచ్చి, ఒంట్లో బాగలేదా అని అడిగాడు. మన తారానగర్ మైన్స్ లారీల దుమ్ము సంగతి చెప్పాను. నన్ను ముందు పోనిచ్చి, మలుపు దాకా మెల్లగా వెనకే వచ్చాడు.

నాకు ఏడుపు ఆగలేదు. నా చదువు కోసం రోజూ ఆ దుమ్ములోనే నన్ను సైకిల్‌పై బస్టాండుకు దింపుతూ, "నువ్వు మూతికి గుడ్డ కట్టుకోమ్మా, నాకేమైతాది" అనేవాడివి.

దగ్గు తగ్గిందా? ఎక్స్‌రే తీయించుకో. ఇకమీదట ఆ దుమ్ములో సైకిల్ తొక్కొద్దు, ఎక్కడికైనా బస్సులోనే పో. అమ్మకు, సంఘపెద్దలకు నా వందనాలు. ఇక్కడ గుండె నిండా గాలి పీలుస్తున్నానంటే నీ చలవే నాయనా.

నీ బిడ్డ యూనీస్