నంబరు లేని కాలు

మానుకోట,
ఆదివారం మధ్యాహ్నం.

బంగారు నిషాత్‌కు, నానీ దుఆలు.

నీకు ఫోను చేస్తే స్విచ్చాఫ్ అని ఒక ఆడపిల్ల చెబుతోంది. ఆ పిల్ల నీకంటే నయం, కనీసం జవాబిస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తెలుగులో ఎందుకని అడగకు. ఉర్దూలో తిడితే ఎంత వద్దన్నా కొంత తీపి కలుస్తుంది. బతుకంతా తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఇందులో తిడితే కారం కారంగానే ఉంటుంది, భూపాలపల్లి చేరేలోగా చప్పబడదు.

నిన్న బీపీ గోలీల కోసం దవాఖానకు పోయాను. మెట్ల మీద ఒకామె కూర్చుని నన్ను చూడగానే లేచి నిలబడింది. ద్వాళి. నువ్వు ఎరగవు. నేను కొత్తగూడ బడిలో ఉన్న రోజుల్లో నా దగ్గర చదివిన తండా పిల్ల. పద్యం తడుముకోకుండా అప్పజెప్పి, గంట కొట్టకముందే మేకల దగ్గరికి ఉరికేది. ఆమె భర్త సోమ్లా లోపల మంచం మీద ఉన్నాడు. మోకాలి కింద కుడికాలు తీసేశారు. అతను చేసేది మీ కంపెనీ పనే. బొగ్గు నింపిన లారీల మీదికెక్కి బొగ్గు రాలకుండా తాటిపత్రి కప్పి కట్టే కాంట్రాక్టు కూలీ. అతను ఇంకా పైన ఉండగానే లారీ కదిలింది. కింద పడ్డాడు. వెనక చక్రం ఆగలేదు.

"కంపెనీ వాళ్లు ఏమన్నారే?" అని అడిగాను.

"పోయి అడిగిన టీచరమ్మా. కంప్యూటర్ల చూసి, నీ పెనిమిటి పేరు ఇందుల లేదన్నరు. ఆ దినం గసోంటి కూలీకి ఎవ్వలికీ దెబ్బ తాకలేదంట. కాలు పాయె, పేరు గూడ పాయె" అంది ద్వాళి. ఏడవలేదు. లెక్క ఎక్కడ తప్పిందో తెలియని పిల్ల పలక వైపు చూసినట్టు నా వైపు చూసింది.

నాకు మాత్రం ఎక్కడ తప్పిందో వెంటనే తెలిసింది. బక్రీద్ తర్వాత జనగామలో మీ అమ్మ ఇంట్లో బగారన్నం ముందు కూర్చుని నువ్వు మీ ఆఫీసు ముచ్చట్లు చెప్పావు, గుర్తుందా? షిఫ్టు షిఫ్టుకూ హైదరాబాదు పెద్దాఫీసుకు రిపోర్టు పంపే ఆ సాఫ్ట్‌వేర్ గురించి. అర్ధరాత్రి దాటినా దాని తేదీ మారదనీ, ఇవాళ తవ్విన బొగ్గు నిన్నటిదై పోతుందనీ. మొత్తం సరిగ్గా రావాలంటే రిపోర్టును ఒకసారి మూసి మళ్లీ తెరవాలనీ. మీ అమ్మ ఫర్హానా కళ్లలో నీళ్లు తిరిగేట్టు నవ్వింది. తర్వాత ఇంకోటి చెప్పావు. "కాంట్రాక్టోళ్లకు ఉద్యోగి నంబరుండది నానీ. నంబరు కొట్టంది గాయం పేజీ ముంగటికి జరుగది. గందుకే మిషిన్ల మరమ్మతు కింద రాయమని పైనుంచే చెప్పిన్రు. మొన్న ఒకాయన చెయ్యి ఇరిగితే 'లోడింగు పరికరం చెడిపోయినది, మరమ్మతుకు పంపడమైనది' అని కొట్టిన."

అప్పుడు నేనూ నవ్వాను. ఆ చెయ్యి ఎవరిదో నా కంటికి కనబడలేదు కాబట్టి. ఈ కాలు కనబడింది.

సాఫ్ట్‌వేర్‌లోని ఇట్లాంటిదాన్ని మీరు నోన్ ఇష్యూ అంటారట. తెలిసిన లోపం. దాని పక్కనుంచి దాటిపోయే దారిని వర్కరౌండ్ అంటారట. వాటికొక జాబితా కూడా ఉందట, కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే నేర్పుతారట. తెలిసి చేసే తప్పుకు మా బడిలో వేరే పేరుండేది, దానికి వేరే బెత్తముండేది. నీకు నేర్పినదాన్ని నేనే కనుక ఎక్కువ మాట్లాడను. ఇవాళే వెళ్లి నీ పై అధికారికి చెప్పు: మరమ్మతుకు పోయింది పరికరం కాదు, సోమ్లా అని. చెప్పాక నాకు రాయి.

నీ నానీ,
గుల్షన్ బేగం.

*

మానుకోట,
శుక్రవారం.

నిషాత్,

జవాబు రాలేదు. ఉత్తరం అందలేదని సర్దుకుందామనుకున్నాను కానీ, మన పోస్టుమ్యాన్ హన్మంతు రసీదు తెచ్చి ఇచ్చాడు. అందింది. కింద నీ సంతకమే. వంకర పోకుండా, చక్కగా, నేను దిద్దించినట్టే ఉంది.

సోమవారం మీ సైటు మేనేజర్ జగపతి దవాఖానకు వచ్చాడు. యాపిల్ పండ్లు తెచ్చాడు. పండ్ల సంచి కింద ఒక కాగితం. సోమ్లా ఇప్పపువ్వు కోయడానికి చెట్టెక్కి జారిపడ్డాడని అందులో రాసి ఉంది. వేలిముద్ర వేస్తే దవాఖాన ఖర్చు దయతో చూసుకుంటారట.

నేనప్పుడు అక్కడే కుర్చీలో ఉన్నాను. "అయ్యా, మీది ఏ ఊరు?" అని అడిగాను.

"ఎందుకమ్మా?"

"ఇప్పపువ్వు చెట్టెక్కి కోసేవాడు ఈ అడవిలో ఇంకా పుట్టలేదు. తెల్లవారుజామున అదే రాలుతుంది, కింద ఏరుకుంటారు. అబద్ధం రాసే ముందు కొత్తగూడ వాళ్లనెవరినైనా అడగాల్సింది."

మంచం మీద సోమ్లా నవ్వాడు. కాలు పోయాక అతను నవ్వడం అదే మొదలని ద్వాళి చెప్పింది. జగపతి మొహం ఎర్రబడింది. "మా రికార్డుల గీయన లేనే లేడు పెద్దమ్మా. లేని మనిషికి కాలెట్ల ఇరుగుతది?" అని పండ్లు కూడా తీసుకుని పోయాడు.

ఆ సాయంత్రమే ద్వాళి పేరు మీద కార్మిక శాఖ అధికారికి అర్జీ రాశాను. చాలా రోజుల తర్వాత నా తెలుగు ఒళ్లు విరుచుకుంది. ఒక్క విశేషణం ఎక్కువ పడలేదు, ఒక్క నిజం తక్కువ పడలేదు. రిజిస్టరు పోస్టులో పంపాను. చూశావా, ఇవాళ సోమ్లాకు నోటీసు వచ్చింది. వచ్చే బుధవారం భూపాలపల్లిలో విచారణ. నలుగురు మనుషులు చేయలేని పని ముసలిదాని కలం చేసింది.

నువ్వు విచారణకు రావని నాకు తెలుసు. నీ ఉద్యోగం కాంట్రాక్టుదో పర్మినెంటుదో నేనెప్పుడూ అడగలేదు, నీ భయం మాత్రం పర్మినెంటే. అందుకని నేనొక నిర్ణయానికి వచ్చాను. అధికారి ముందు నిలబడి, బగారన్నం ముందు నువ్వు చెప్పిందంతా చెబుతాను. మనుషుల్ని మిషిన్ల కింద రాసేది ఎవరని అడిగితే నీ పేరే చెబుతాను. నీ ఉద్యోగం పోవచ్చు. మీ అమ్మ నా గడప తొక్కకపోవచ్చు. పోనీ.

ఇంకొక మాట రాయకుండా ఉందామనుకున్నాను, చెయ్యి ఆగలేదు. నా మనవరాలు ఆ కంపెనీలోనే రిపోర్టులు రాస్తుందని ద్వాళికి ఇంతవరకూ చెప్పలేదు. నీ మొదటి జీతం రోజున మన గల్లీ అంతా ఖుబానీ కా మీఠా పంచినదాన్ని. ఇప్పుడు దవాఖాన మెట్ల మీద నీ పేరు మింగుతున్నాను.

గుల్షన్ బేగం,
రిటైర్డ్ తెలుగు పండిట్.

*

మానుకోట,
విచారణ అయిన తర్వాతి వారం.

నా నిషాత్‌కు,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక పొద్దుటినుంచి కాగితం ముందు కూర్చున్నాను. పిల్లలకు వ్యాసం మొదలుపెట్టడం రాకపోతే, జరిగింది జరిగినట్టు రాయండర్రా అనేదాన్ని. అదే చేస్తాను. నువ్వు అక్కడే ఉన్నావు, నీకంతా తెలుసు. కానీ నేను కూర్చున్న చోటునుంచి అది ఎట్లా కనిపించిందో నీకు తెలియదు.

సోమ్లాను తమ్ముడు ధర్మా వీపు మీద మోసుకొచ్చాడు. నేను ద్వాళి పక్కన, చెప్పాల్సిన మాటలన్నీ నోట్లో పేర్చుకుని, కొంగు సర్దుకుని కూర్చున్నాను. అధికారి కాగితం తీసి, "గాయపడ్డ ఉద్యోగి ముందుకు రండి" అన్నాడు. ధర్మా అన్నను ఎత్తబోయాడు. అధికారి చదివాడు: "పేరు, నిషాత్. లోడింగు దగ్గర లారీ వెనక చక్రం కింద కుడికాలు నలిగింది."

నీకూ ఏదో అయింది, అందుకే ఫోను లేదు, అందుకే జవాబు లేదు, నేనేమో కూర్చుని తిట్లు రాశాను అనుకున్నాను. అప్పుడు నువ్వు వరండాలోంచి లోపలికి నడిచి వచ్చావు. రెండు కాళ్ల మీద. అల్హందులిల్లాహ్ అన్నాను, మరుక్షణమే నాకేమీ అర్థం కాలేదు.

జగపతి లేచాడు. "చూడున్రి సార్, ఎంత మంచిగ నడుస్తుందో. బీమా పైసల కోసం గీ పిల్ల తన పేరు మీద దొంగ రిపోర్టు పెట్టింది. మేం అప్పుడే సస్పెండ్ చేసినం."

"ఏమ్మా, నీ కాలికేమైంది?" అన్నాడు అధికారి.

"నా కాలు మంచిగనే ఉంది సార్. ఇరిగింది గాయన కాలు. నంబరు నాది." నువ్వు సోమ్లా వైపు చెయ్యి చూపించావు. "గాయనకు నంబరియ్యలే. నంబరు లేనోళ్ల గాయం మా సాఫ్ట్‌వేర్ తీస్కోదు. మిషిన్ కింద రాయాలె అన్నరు. ఇంతకు ముందు ఒకాయనది రాసిన గూడ. ఈసారి రాయ చేతగాలే. నా నంబరు కొట్టిన, తీస్కున్నది."

"మరి ఆ లారీ, ఆ సమయం, ఆ చోటు?"

"అన్నీ నిజమే సార్. పేరొక్కటే అబద్ధం."

నా నోట్లో పేర్చుకున్న మాటలు అట్లాగే ఉన్నాయి, ఒక్కటీ అవసరం పడలేదు. ఊరుకోలేక చివర్లో లేచి, "సార్, మేం పంపిన అర్జీ..." అన్నాను. ఆయన ఫైలంతా తిరగేశాడు. "ఏ అర్జీ అమ్మా? కంపెనీ ఉద్యోగికి పెద్ద గాయమైతే ఆ సాఫ్ట్‌వేరే మాకొక నకలు పంపుతుంది. అది చూసి వేసిన విచారణ ఇది. సాక్షిగా ఆ అమ్మాయి సోమ్లా పేరిస్తే ఆయనకూ నోటీసు పంపాం." నా విశేషణాలు ఏ టేబులు కింద నిద్రపోతున్నాయో అల్లాకే ఎరుక.

పని దగ్గర జరిగిన ప్రమాదమేనని అధికారి రాసుకున్నాడు. సోమ్లా వైద్యం, పరిహారం కంపెనీ మీద పడ్డాయి. తప్పుడు పేరుతో రిపోర్టు పెట్టినందుకు నీ ఉద్యోగం పోయింది. వరండాలో నా పక్కనుంచి పోతూ "సలాం నానీ" అన్నావు. ఆగలేదు. ఆగి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. బహుశా నీ దుపట్టా నలిగిందని తిట్టేదాన్ని.

నీ గదిలోనే ఉంటూ నీ ఆఫీసులోనే పనిచేసే హరిత నన్ను మెట్ల దగ్గర పట్టుకుని మిగతాది చెప్పింది. ఆ రోజు సోమ్లాను మీ ఆఫీసు ముందే జీపు ఎక్కించారట. నువ్వు కిటికీలోంచి చూశావట. అప్పటికే మరమ్మతు పేజీ తెరిచి ఉందట. "ఏందే, కొట్టు, షిఫ్టు రిపోర్టు పోవాలె అన్న అమ్మమ్మా. గా పేజీ మూసి, గాయం పేజీ తెరిచి, తన నంబరు కొట్టింది. పరేషాన్ గాకు హరితా, నాకేం దెబ్బ తాకలే అని నవ్వింది" అంది. రెండో రోజే పని నుంచి ఆపారట, కంపెనీ ఇచ్చిన ఫోను లాక్కున్నారట. అంటే నేను మొదటి ఉత్తరం రాసే నాటికే నువ్వు చేయాల్సింది చేసి, దాని ఫలితం అనుభవిస్తూ కూర్చున్నావు.

"నా ఉత్తరాలు చదివిందా?" అని అడిగాను.

"చదివింది. మా నానీ తెలుగు మస్తు రాస్తది గదా అన్నది. మల్ల దుప్పటి కప్పుకొని గోడ దిక్కు తిరిగింది. జవాబు రాయరాదే అంటే, ఏం రాయాలె, నేను మంచిదాన్నని నేనే రాసుకోవాల్నా అన్నది."

ఇంత పొగరు నీకు ఎవరినుంచి వచ్చిందో అడగను.

ద్వాళికి చెప్పాను, ఆ పిల్ల నా మనవరాలేనని. "గట్లనా! మరి ముందుగాల ఎందుకు చెప్పలే టీచరమ్మా?" అంది. పిల్లలు అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోతే రేపు చెబుతానని తప్పించుకునేదాన్ని. అదే చెప్పాను.

క్షమించమని అడిగే అలవాటు నాకు లేదు, మీ అమ్మనడుగు. మొగుణ్ని కూడా ఎప్పుడూ అడగలేదు, ఆ అవసరం రాకుండానే ఆయన పోయాడు. నిన్ను అడుగుతున్నాను. నిన్ను పెంచినదాన్ని, నీ మీద పరాయివాళ్లకంటే ముందు నేనే నమ్మకం వదిలేశాను. జగపతి నిన్ను దొంగ అన్నాడు, వాడికి జీతమిస్తారు. నేను ఊరికే అన్నాను.

నిన్న హరిత ఫోను చేసింది. సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చిందట. రిపోర్టు రాసేవాళ్లకు గాయం పేజీలో తమ సొంత నంబరు కొట్టే వీలు లేకుండా చేశారట. మిగతా లోపాలన్నీ అట్లాగే ఉన్నాయి, రాత్రి బొగ్గు ఇంకా నిన్నటిదే అవుతోంది. కాంట్రాక్టు కూలీకి నంబరు లేని సంగతి కూడా ఎప్పటిలాగే జాబితాలో ఉంది, పక్కన మిషిన్ల మరమ్మతు కింద రాయమని ఉంది. ఇన్నేళ్లుగా తెలిసిన తప్పును ముట్టుకోలేదు. నువ్వు ఒక మనిషిని దూర్చిన సందును మాత్రం వారం తిరక్కముందే పూడ్చేశారు.

నీ కుర్చీలో ఇప్పుడు హరితను కూర్చోబెట్టారు. "రేపు ఇంకొకాయన పడితే నేనేం రాయాలె అమ్మమ్మా?" అని అడిగింది. నాకు తెలియలేదు. నువ్వు వచ్చి చెప్పు.

నీ నానీ.