తెలుగు క్లాసులో వనజ ఒక్కతే

మద్రాసు, 1981 జూలై, సోమవారం రాత్రి

ఈరోజు తెలుగు వదిలేసి ఫ్రెంచి క్లాసులో చేరాను. "ఫ్రెంచికైతే మార్కులు దండిగా ఏస్తారంట, మంచి కాలేజీలో సీటొస్తుంది. తెలుగుదేముంది, ఇంట్లో మాట్లాడుకుంటానే ఉండాం గదమ్మా," అన్నాడు నాయన. నిజమే, ఏమని కాదనను? కానీ మా పదకొండో క్లాసు ప్లస్ వన్‌లో తెలుగు చదివేది ఇద్దరమే, నేనూ వనజా. ఫ్రెంచి క్లాసుకు వెళ్తూ కిటికీలోంచి చూశాను. అయ్యవారి ఎదుట వనజ ఒక్కతే కూర్చుని ఉంది, బెంచీ మీద నా చోటు అట్లాగే వదిలిపెట్టి.

కొత్త క్లాసులో నన్నెవరూ పలకరించలేదు.

సాయంత్రం బస్టాపులో వనజ, "ఫ్రెంచ్ ఎప్పడి ఇరుక్కు?" అని తమిళంలో అడిగింది, ఫ్రెంచి ఎట్లా ఉందని. ఒకటో క్లాసు నుంచీ మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకున్నాం.

"నల్లా ఇరుక్కు," బాగుందని నేనూ తమిళంలోనే అన్నాను.