అన్నయ్య గదిలో ఏసీ

లక్ష్మణేశ్వరం,
17 జూన్ 2024.

ప్రియమైన ఇంద్రజకు,

హేమశ్రీ రాస్తున్నది. నువ్వూ, నిరంజన్ గారూ, మీ అత్తమామలూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. మా సంగతి ఊరందరితోపాటు నీకూ తెలిసే ఉంటుంది కాబట్టి, ఇక్కడ మేమూ బాగున్నామని రాసే పని లేకపోయింది.

నేను ఫోన్ చేస్తే నువ్వు తియ్యడం లేదు. తియ్యకపోవడానికి నీ కారణం నీకుంది, దాన్ని తప్పనను. కాలేజీ రోజుల్లో నువ్వు వేసవి సెలవులకి తుని వెళ్ళిపోతే మనం ఉత్తరాలు రాసుకునేవాళ్ళం. నీ ఉత్తరం నిండా మామిడిపళ్ళ కబుర్లే ఉండేవి. మళ్ళీ ఇన్నేళ్ళకి నీకు రాస్తున్న ఉత్తరం ఇలాంటిదవుతుందని అనుకోలేదు.

అమ్మ నా పక్కనే మంచం మీద కూర్చుని ఉంది. ఈ ఉత్తరం రాయమన్నది ఆవిడే. కళ్ళు సరిగా ఆనడం లేదు కదా, నేను రాసిన ప్రతి ముక్కా చదివి వినిపించమంటోంది. అందుకని ఉత్తరం ఆగి ఆగి నడుస్తుంది, ఏమనుకోకు.

అమ్మ ముందుగా చెప్పమన్నది ఇది. ఎవరినైనా పంపి ఆ ఏసీని గోడ మీంచి దింపించి పట్టుకుపొమ్మంటోంది. డబ్బు గురించి కాదు, అది కళ్ళెదుట ఉండకూడదు, అంతే. అన్నయ్య గదిలోకి వెళ్ళినప్పుడల్లా దాని వైపు చూసి అక్కడే నిలబడిపోతోంది. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత దింపిస్తానంటే ఒప్పుకోవడం లేదు. అమ్మినవాళ్ళే వచ్చి తీసుకుపోవాలంటోంది.

రెండోది, జరిగిందంతా మొదట్నుంచీ రాయమంటోంది. నీకు తెలిసినదైనా సరే.

కాలవలు కట్టేసే రోజులని మర్చిపోయి, ఏటా దూకినట్టే లాకుల మీంచి తలకిందులుగా దూకాడు గణేష్ అన్నయ్య. నీళ్ళు నడుం లోతు కూడా లేవు. మా ఊళ్ళో వాడికంటే బాగా ఈతొచ్చినవాడు లేడు. మెడ దగ్గర ఎముక విరిగింది. భుజాల కిందనుంచి ఒళ్ళు తనది కాకుండా పోయింది. మాటా, నవ్వూ, ఆ కళ్ళెగరేయడం మాత్రం మిగిలాయి. కాకినాడ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఇక ఇతనికి చెమట పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు, వేసవిలో గది చల్లగా ఉంచకపోతే ప్రాణానికే ముప్పు అన్నారు.

మొదట్లో తడిగుడ్డలతో, రెండు ఫ్యాన్లతో ఎలాగో లాక్కొచ్చాం. కిందటేడు ఎండలకి రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాడు. అందుకే ఈసారి శివరాత్రి వెళ్ళగానే ఏసీ కొనాలనుకున్నాం. భీమవరంలో పెద్ద షోరూములున్నాయి, అక్కడికెళ్దామన్నాను నేను. మన ఇంద్రజ షాపుండగా వేరేచోటికి ఎందుకన్నది అమ్మ. నువ్వే దగ్గరుండి చూపించావు. స్టెబిలైజర్ కూడా కావాలా అని నేనడిగితే, ఈ మోడల్‌కి అక్కర్లేదండీ, అన్నీ లోపలే ఉన్నాయని మీ సేల్స్ కుర్రాడు అన్నాడు. నువ్వు కూడా తలూపావు. ఈ మాట గుర్తుచేయమని అమ్మ రెండుసార్లు చెప్పింది.

బిగించిన రోజు సాయంత్రం అన్నయ్య దుప్పటి కప్పమన్నాడు. ఎండాకాలంలో దుప్పటి అడుగుతున్నాడని అమ్మ నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. తర్వాత జరిగింది నీకు తెలియదేమో. వాడు మంచాన పడ్డాక మొదట్లో వచ్చిన స్నేహితులు మెల్లగా రావడం మానేశారు కదా. గది చల్లబడ్డాక మళ్ళీ రావడం మొదలుపెట్టారు. క్రికెట్ చూడ్డానికి వచ్చేవాళ్ళు, మధ్యాహ్నం కునుకు తియ్యడానికి వచ్చేవాళ్ళు. పక్కింటి మరిడమ్మ పిన్ని కూడా అల్లిక బుట్ట పట్టుకొచ్చి ఆ గదిలోనే లేసు అల్లుకునేది. వాళ్ళు చల్లదనం కోసమే వస్తున్నారని వాడికి తెలుసు. అయినా పట్టించుకోలేదు. పొద్దున్నే నా చేత గడ్డం గీయించుకుని, తలకి నూనె రాయించుకుని, మనుషుల కోసం ఎదురుచూసేవాడు. నీ పేరు మీద దండకం రాస్తానని ఒకరోజు హాస్యమాడాడు కూడా.

మే నెల సగంలో అది ఆగిపోయింది. లోపల గాలి వస్తుంది గానీ చల్లదనం లేదు. బయటి పెట్టె కాసేపు మూలిగి ఊరుకుంటుంది. నిరంజన్ గారికి ఫోన్ చేస్తే కంపెనీ నంబరు ఇచ్చారు. ఆ నంబరుకి చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని గొంతు వినిపిస్తుంది, తర్వాత పాట, తర్వాత ఏమీ ఉండదు. చివరికి ఒకమ్మాయి దొరికి కంప్లయింట్ రాసుకుంది. బిల్లు అన్నయ్య పేరుమీద ఉంది కాబట్టి మెసేజీలన్నీ వాడి ఫోనుకే వచ్చేవి. మంచం పక్కన స్టాండులో ఉండేది ఆ ఫోను. ఈరోజు వస్తాడని ఒక మెసేజి, సీజన్ వల్ల ఆలస్యమవుతోందని ఇంకోటి. మోగినప్పుడల్లా వాడే పైకి చదివేవాడు.

మొదట వచ్చినతను పెట్టె విప్పి, లోపలి బోర్డు కాలిపోయింది, స్టెబిలైజర్ లేదు కాబట్టి వారంటీ వర్తించదన్నాడు. మీ షాపుకొచ్చాను. స్టెబిలైజర్ అక్కర్లేదన్నది మీరే కదండీ అని నిరంజన్ గారిని అడిగాను. ఆ కుర్రాడు పని మానేశాడన్నారు, వారంటీ కార్డు మీద స్టెబిలైజర్ తప్పనిసరి అని ఉన్నది చూపించారు. కోప్పడలేదు, కసురుకోలేదు. మేం అమ్మేవాళ్ళమేనండి, బాగుచెయ్యాల్సింది కంపెనీవాళ్ళు అన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే డీలరుని అడగమన్నారు. అలా ఆ గుమ్మానికీ ఈ గుమ్మానికీ మధ్య తిరిగాను. అన్నయ్య పరిస్థితి ఇదీ అని చెబితే అందరూ అయ్యో అన్నారు. అయ్యో అనని మనిషి లేడు, ఇంద్రా. చెయ్యి వేసిన మనిషి కూడా లేడు.

నువ్వు కూలర్ పంపావు. అది నేను మర్చిపోలేదు, అమ్మ కూడా కాదనదు. కానీ మన సముద్రపు గాలికి కూలర్ పెడితే గదంతా తేమ తప్ప ఒంటికి చల్లదనం ఉండదు. పరుపు తడిసిపోయేది. రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీ నుంచి చేపలకి వేసే ఐసు తెచ్చి, గుడ్డలో కట్టి వాడి చంకల్లో, మెడ దగ్గర పెట్టేవాళ్ళం. గదంతా చేపల వాసన. కరెంటు పోతే అమ్మా నేనూ వంతులేసుకుని విసిరేవాళ్ళం. వచ్చేవాళ్ళంతా మళ్ళీ రావడం మానేశారు. ఉక్కగా ఉంది, సాయంత్రం వస్తానన్న మరిడమ్మ పిన్ని కూడా రాలేదు. వాడు మాత్రం గడ్డం గీయమని పొద్దున్నే అడుగుతూనే ఉన్నాడు కొన్నాళ్ళు. తర్వాత అదీ మానేశాడు.

ఆ రోజు సంగతి. మనిషి వచ్చేదాకా కదలనని నేను మీ షాపులో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. షాపు నిండా జనం. నువ్వు నిరంజన్ గారితో లోపల ఏదో వాదించి బయటికొచ్చి, నా ముందే భీమవరం సర్వీసు సెంటరు మెకానిక్ భీమరాజుకి ఫోన్ చేశావు. మాట్లాడుతుండగానే నీ ముఖం మారిపోయింది. ఫోన్ పెట్టేసి నాతో అన్నావు.

“అతను ఇప్పుడే మీ ఇంటికెళ్ళి వచ్చాడంట హేమా. బాగానే పనిచేస్తోంది, వెళ్ళిపొమ్మని మీ అన్నయ్యే చెప్పారంట. కంప్లయింట్ క్లోజ్ చేసేశాడు.”

నేనేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. మెడ కింద కదల్లేని మనిషి మీవాణ్ణి గుమ్మం దాకా వచ్చి సాగనంపాడా అని అందరి ముందూ అరిచాను. అబద్ధాలాడి అమ్ముకునే బతుకులన్నాను. టీవీ కొనడానికొచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఇంటికొచ్చి అడిగితే, గేదెకి గడ్డి కోసుకురావడానికి చేలోకి వెళ్ళానని, తను ఉన్నంతసేపూ ఎవరూ రాలేదని చెప్పింది అమ్మ. అన్నయ్య కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు.

ఆ మర్నాడు ఒళ్ళు కాలిపోయింది. ఐసుకి లొంగలేదు. అంబులెన్సులో భీమవరం తీసుకెళ్ళాం. అక్కడ గది చల్లగానే ఉంది. కానీ అప్పటికే ఆలస్యమైందన్నారు. ఆ పై రోజు మధ్యాహ్నం పోయాడు. శవాన్ని ఇంటికి తెస్తుంటే వాడి ఫోను మోగింది. మా సేవతో మీరు సంతృప్తి చెందారా, అంకె నొక్కి చెప్పండి అని మెసేజి.

పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలందరూ వెళ్ళిపోయారు. అమ్మ అన్నం దగ్గర కూర్చుని కూడా ఒకటే అడుగుతోంది. మనిషి రాకుండానే వచ్చాడని ఎలా అన్నారు? మా ఇంట్లో తిని తిరిగిన పిల్ల, ఇంద్రజ నోటినుంచి ఆ మాట ఎలా వచ్చింది? పోయినవాడి మీదికి ఎలా నెట్టారు? దీనికి జవాబు రాయమని అడగమంటోంది. అడిగాను. కోర్టులో కేసు వేద్దామని మా మేనమామ అంటున్నాడు. నాకు ఓపిక లేదు, అమ్మకి ఆశ లేదు. ఏసీకి మాత్రం మనిషిని పంపు.

ఇట్లు,
హేమశ్రీ

తా.క. అమ్మ గేదెకి కుడితి పెట్టడానికి పెరట్లోకి వెళ్ళింది. ఇక్కణ్ణించి రాసేది తనకి చదివి వినిపించను.

ఇంద్రా, భీమరాజు వచ్చాడు. నువ్వు చెప్పింది నిజం. భీమవరం ఆసుపత్రిలో, అమ్మ మందులకోసం వెళ్ళినప్పుడు, అన్నయ్యే నాతో చెప్పాడు. మాట ముద్దగా వచ్చింది గానీ తెలివిగానే ఉన్నాడు. తలుపు తీసే ఉందట. భీమరాజు కొత్త బోర్డు చేతిలో పట్టుకునే వచ్చాడట. మీ షాపులో ఉన్న వేరే ఏసీలోంచి విప్పించి పంపారని చెప్పాడట. అది నీ పనేనని నాకప్పుడు అర్థమైంది. అన్నయ్య అతనితో బాగానే పనిచేస్తోందండీ, మావాళ్ళు కంగారుపడి కంప్లయింట్ ఇచ్చారు, అనవసరంగా శ్రమపడ్డారని చెప్పాడట. కంప్లయింట్ మూసెయ్యడానికి ఫోనుకొచ్చిన కోడ్ కూడా తనే చదివి ఇచ్చాడట. ఎందుకలా చేశావురా అన్నయ్యా అని అడిగాను.

“బాగుచేస్తే మళ్ళీ అందరూ వస్తారు. మళ్ళీ ఎప్పుడో ఆగిపోతుంది. ఆ రోజు కోసం చూస్తూ పడుకోలేనే హేమా” అన్నాడు.

తర్వాత అమ్మకి చెప్పొద్దన్నాడు. వాడి నుదుటి మీద గుడ్డ మార్చాను. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉండాల్సిందేమో.

కొడుకు వెళ్ళిపోవాలనే వెళ్ళిపోయాడని తెలిస్తే అమ్మ బతకదు. ఇప్పుడు మీ మీద కోపం ఒక్కటే ఆవిణ్ణి పొద్దున్నే లేపుతోంది. అందుకే పైన రాసిందంతా ఆవిడ చెప్పినట్టే రాశాను. మీ షాపుకి పోయిన పరువు తిరిగి తెచ్చివ్వాలని నాకూ ఉంది. కానీ ఊళ్ళో ఏ ఒక్కరికి నిజం చెప్పినా అది మా గుమ్మంలోకి వచ్చేస్తుంది. నిరంజన్ గారికి కావాలంటే ఈ ఉత్తరం చూపించు, తర్వాత చింపెయ్యి.

నిన్ను అడగకూడనిది అడుగుతున్నాను. ఏసీ దింపడానికి మనిషిని పంపినప్పుడు నువ్వు కూడా రా. అమ్మ నిన్ను నానా మాటలూ అంటుంది. అననీ. భీమరాజు వచ్చాడా అని అడుగుతుంది. రాలేదని చెప్పు.