ఆడవాళ్ళు వాకిట్లో కూర్చునే ఇల్లు

బ్రిక్‌ఫీల్డ్స్, కౌలాలంపూర్,
ఆగస్టు 1957.

పాపాయి తల్లిని తలుచుకుని పాపాయి తండ్రి రాసే ఉత్తరం. నేనిక్కడ బాగున్నాను. నువ్వూ, పాపాయీ, పిల్లలూ ఎస్టేటులో బాగున్నారని నమ్ముతున్నాను.

ఆపరేషను చేసిన కంటి కట్టు విప్పేశారు. ఈ అక్షరాలు నా చేతివే. వంకరగా ఉంటే తప్పు కంటిది కాదు, నా చదువుది.

పోయిన ఉత్తరంలో నువ్వు చాలా అడిగావు. తేలికవి ముందు చెబుతాను. కష్టమైనవి రెండున్నాయి. ఎక్కడ దిగావు, భద్రమైన చోటేనా అన్నది ఒకటి. నా ఉత్తరాల్లో ఆ గుండ్రటి దస్తూరీ ఎవరిది అన్నది రెండోది. వాటిని కిందికి నెట్టాను గానీ ఎగ్గొట్టను. చివర నిన్నొకటి అడగాలి కూడా.

తిండికి లోటు లేదు. చింతపండు పులుసు దొరుకుతోంది, మన కారం మాత్రం లేదు. ఊరంతా మెర్డేకా అని స్వతంత్రం పండగకి జెండాలు కడుతున్నారు. ఇక మలయా మనదే అంటున్నారు. మనదంటే ఎవరిది అని టీ కొట్లో అడిగాను. "నీదీ నాదీ లా పెద్దాయనా, టీ చల్లారిపోద్ది తాగు" అన్నాడు కొట్టాయన. ఈ ఊళ్ళో ప్రతివాడూ మాట చివర ఆ 'లా' తగిలిస్తాడు. అడివిలో కమ్యూనిస్టుల గొడవ ఇంకా చల్లారలేదు కదా, అందుకని వీధివీధినా పోలీసు తనిఖీలు కూడా ఉన్నాయి.

ఇక లాడ్జి సంగతి. ఆసుపత్రి నుంచి నన్ను పంపించిన రోజున ఒక కంటికి కట్టు, రెండో కంట్లో పొర. ఊరు పండగ చూడ్డానికి వచ్చినవాళ్ళతో కిక్కిరిసి ఉంది. కాళిముత్తు అనే రిక్షా అతను తిప్పి చూపించాడు. మొదటి లాడ్జిలో అంతా మగవాళ్ళే, పేకాట. గదికి గడియ బయటవైపు ఉంది. లోపల గడియ లేని గదిలో నేనెలా పడుకోను? రెండో చోట నా మూట చూసి, ఎస్టేటు కూలీలకి గదులు లేవన్నారు. మూడో ఇంటి వాకిట్లో బెంచీ మీద ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. పౌడరు రాసుకుని, పూలు పెట్టుకుని, ఒకరికొకరు జడలు వేసుకుంటున్నారు. అచ్చం మన కూలీల లైను ఇళ్ళ ముందు పని దిగిన సాయంత్రంలా ఉంది. ఆడవాళ్ళు వాకిట్లో కూర్చునే ఇల్లు దొంగకి చేదు అని మనవాళ్ళు అంటారు కదా. ఇక్కడే దిగుతానన్నాను. "నిజంగానా పెద్దాయనా?" అని కాళిముత్తు నవ్వాడు. నా మూట చూసి నవ్వాడనుకున్నాను.

పాపాయి తల్లీ, అది ఏ ఇల్లో నీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు అర్థం కావడానికి చాలా పట్టింది. ఈ ఇంటికి చుట్టాలు ఎక్కువ అనుకున్నాను. సోల్జర్లు, రేవు నుంచి ఓడ మనుషులు, ఎస్టేటు దొరలు కూడా వస్తున్నారు. వచ్చినవాడు వచ్చినట్టే వెళ్ళిపోతున్నాడు. ఒక్కడికీ విస్తరి వేయడం లేదు. ఇదేం మర్యాద అని బాధ వేసింది. ఉండబట్టలేక ఇంటి యజమానురాలు చిన్నమ్మతో అన్నాను, "వచ్చినవాళ్ళకి టీ అయినా ఇవ్వండమ్మా, అంత దూరం నుంచి వస్తున్నారు" అని. బెంచీ మీదవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. పుష్పం అనే ఆవిడ మాత్రం నవ్వకుండా నన్ను వెనక్కి తీసుకుపోయి, ఏ ఇంట్లో దిగానో మెల్లగా చెప్పింది.

నేను అప్పుడే మూట కట్టాను. పుష్పం గుమ్మానికి అడ్డం నిలబడింది.

"యెక్కడికి ఎల్తావు తాతా? ఆ కట్టుతో కాలవలో పడితే డాక్టరు మల్లీ కుడతాడేటి?"

"నేను ఇక్కడ ఉండకూడదమ్మా."

"నిన్నెవులూ ఏటీ సెయ్యరు. ఎనక గదిలో నీ పాటికి నువ్వుండు. మందు నేనేస్తాను."

ఉండిపోయాను. వేరే గది దొరకదని కొంత. ఆవిడ మందు వేస్తే చుక్క చెంప మీదికి జారదు, అందుకని కొంత. ఇంకొంత, నిజం చెప్పనీ, చూడాలని. ఇంత వయసు వచ్చింది, రబ్బరు చెట్టూ మన లైనూ తప్ప ఏమీ ఎరగను. ఈ ఇల్లు ఎలా నడుస్తుందో తెలుసుకోవాలనిపించింది. తప్పుగా అనుకోకు. చెవులతోనే చూశాను.

చిన్నమ్మ గుమ్మంలోనే బూట్లు విప్పిస్తుంది. శుభ్రం కోసమనుకున్నాను. కాదు. సోల్జరు లోపల గొడవ చేస్తే బూట్లు కాలవలోకి పోతాయి. బూట్లు లేకుండా వాడు క్యాంపుకి వెళ్ళలేడు, అందుకని పిల్లిలా ఉంటాడు. వచ్చేవాళ్ళకీ ఆవిడ మంచే చెబుతుంది. మూత తీసిన సీసాలోది తాగవద్దంటుంది. రిక్షావాడు వద్దన్నా లాక్కుపోయే చోటుకి వెళ్ళవద్దంటుంది, అలాంటిచోట వాడికి వాటా ఉంటుందట. కొత్త ఊరికి వచ్చినవాడు ఎంత పొడుగువాడైనా పిల్లాడితో సమానమట.

మీకు భయం వేయదా అని ఒకసారి పుష్పాన్ని అడిగాను.

"వొచ్చినోడికి మేమంటే బయం, మాకు వోడంటే బయం. ఇద్దరూ బయపడితే తలుపెవులు ఏస్తారు లా?" అంది.

మరి బూట్లు లేకుండా చెప్పులతో వచ్చేవాడి సంగతేమిటని అడిగాను. నా కంట్లో మందు వేసి, తల పైకెత్తి ఉంచమంది.

మొన్న పొద్దున అందరం కాఫీ తాగుతుంటే పోలీసు లారీ వచ్చి ఆగింది. పండగకి పెద్దవాళ్ళు వస్తున్నారని లాడ్జిలన్నీ తనిఖీ చేస్తున్నారట. సార్జంటు నా గుర్తింపు కార్డు మీద మన ఊరి పేరు చూశాడు. తమిళాయన.

"సుంగై సిపుటా? అడివిలోవాళ్ళకి బియ్యం మోస్తావా?"

"లేదయ్యా."

"మరి ఇన్నాళ్ళుగా ఈ ఇంట్లో నీకేం పని?"

కంటి కోసమంటే నమ్మడు. ఇంకేదైనా అనుకుంటే నేను తలెత్తుకోలేను. జవాబు చెప్పని మనిషి మీద వాళ్ళకి అనుమానం ఎక్కువ. "ఎక్కించండి" అన్నాడు. లారీలో అప్పటికే కొందరున్నారు. ముందు కన్ను ఏమవుతుందోనని భయం వేసింది. తర్వాత నువ్వు గుర్తొచ్చావు. నన్ను ఏ ఇంట్లోంచి పట్టుకెళ్ళారో నీకు పోలీసులే చెబుతారు, నేను చెప్పకముందే.

అప్పుడు పుష్పం కాఫీ గ్లాసు కింద పెట్టి లేచింది.

"ఆయన మా అయ్య. కంటికి ఆపరేసను సేయించినాను. నాకాడే ఎట్టుకున్నాను."

"తండ్రిని ఇలాంటి ఇంట్లో పెట్టుకున్నావా? సిగ్గు లేదూ?"

"మీ ఇంట్లో ఎట్టుకుంటారేటి సార్జంటుగారూ? ఇప్పుడే పంపిస్తాను లా."

కానిస్టేబుళ్ళు నవ్వారు. సార్జంటు నవ్వలేదు. నన్ను పెరట్లో నిలబెట్టి, లోపల ఆవిడని ఏమేమో అడిగి వచ్చాడు. తర్వాత నన్ను అడిగాడు.

"నీ పెళ్ళాం పేరేమిటి?"

పాపాయి తల్లీ, నీకు తెలుసు కదా. పెళ్ళయిన దగ్గర్నుంచి 'ఏమే' అన్నాను, 'ఇదిగో' అన్నాను, పిల్ల పుట్టాక పాపాయి తల్లీ అన్నాను. నీ పేరు నా నోటి వెంట ఏనాడూ రాలేదు. సార్జంటు కానిస్టేబులుకి సైగ చేశాడు.

"పోలమ్మ" అన్నాను.

"మీ ఇంట్లో వాన ఎక్కడ కారుతుంది?"

"పొయ్యి మీదయ్యా. రేకు చిల్లు పడింది."

రెండూ పుష్పం చెప్పినట్టే ఉన్నాయి కాబోలు, ఆయన కార్డు నా చేతిలో పెట్టాడు. లారీ వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో నీ పేరు మొదటిసారి ఒక పోలీసు ముందు పలికాను. కోప్పడకు.

నీ పేరూ మన రేకూ ఆవిడకెలా తెలుసని అడుగుతావు. నేను ఇంతసేపూ దాచింది ఇదే. కట్టు ఉన్నన్నాళ్ళూ నీ ఉత్తరాలు నేను చదవలేదు. పుష్పం చదివింది. ఆవిడ బాగాన్ డాతో వైపు కొబ్బరి తోటలో తెలుగు బడికి వెళ్ళిందట. గుండ్రటి దస్తూరీ కూడా ఆవిడదే. నువ్వు నాకని రాసింది ఈ ఇల్లంతా విన్నది. పనిలేని మధ్యాహ్నం చుట్టూ చేరేవాళ్ళు. నువ్వు నన్ను తిట్టిన చోట పుష్పం గొంతు పెంచి, నువ్వు తిట్టినట్టే తిట్టేది. "పోలమ్మ మామ్మ సెప్పిందే రైటు తాతా" అని అందరూ నీ పక్షమే. రేకు బాగుచేయించకుండా వచ్చేశానని చిన్నమ్మ కూడా నన్ను చీవాట్లు పెట్టింది. మేక ఈనిందా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. పాపాయి పెళ్ళప్పుడు మనిద్దరం పడ్డ గొడవ నువ్వు రాశావే, ఆ చోట మాత్రం పుష్పం చదవడం ఆపేసి, మిగతాది నా చెవి దగ్గర చదివింది.

ముందే చెప్పాల్సింది. సిగ్గుపడ్డాను.

లారీ వెళ్ళాక ఆవిడ ఆ సంగతే ఎత్తలేదు. బట్టలు ఆరవేస్తుంటే నేనే దగ్గరకి వెళ్ళి అడిగాను, నీకు నేనేం చేయగలనమ్మా అని.

"ఏటీ వొద్దు" అంది. ఒక చీర ఆరవేసి, రెండోది పిండి, అప్పుడంది, "మామ్మ ఈసారి రాసినప్పుడు నాకూ ఒక ముక్క రాస్తాదేటి? పైన పుష్పానికి అని ఉండాల. నా పేరున ఎప్పుడూ ఉత్తరం రాలేదు."

అడుగుతానన్నాను. అడిగాను. ఆవిడ ఏ పని చేసి బతుకుతుందో నీకు తెలుసు. మనసు ఒప్పకపోతే రాయవద్దు, నేను మాట అనను. డాక్టరు ఇంకో వారం ఉండమన్నాడు, నీ జవాబు ఇక్కడికే వస్తుంది. ఇప్పుడు నా కళ్ళతో నేనే చదువుకోగలను. కానీ పోస్టుమాన్ గంట వినపడితే ఆవిడ తడి చేతులతోనే గేటు దగ్గరికి వస్తుంది. ఇందులో నీకేం లేదమ్మా అని ఆవిడతో ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఆలోచించి రాయి.

ఇట్లు,
నీ మీద భారం వేసి కూర్చున్న
పాపాయి తండ్రి