ఐదు రోజులకు ఐదు చీరలు

స్వరూపక్కా,

అత్తమ్మకు పొద్దటి గోలీ ఇచ్చిన, మధ్యాహ్నంది మర్చిపోకు. పప్పు కుక్కర్ల ఉంది. ఇస్త్రీ మొగులయ్య వస్తే ఈసారి తిప్పి పంపకు, బట్టలియ్యి.

నేను రావిర్యాల దిక్కు ట్రైనింగుకు పోతున్న. కాలేజీల పాఠాలు చెప్పేటోళ్లకు మంచిగ చెప్పుడు నేర్పుతరట, ఐదు రోజులు. ఏడాదికొకటి లేకుంటే తనిఖీకొచ్చేటోళ్లు ఒప్పుకోరు. రేపటి నుంచి కాలేజీలు బంద్ అంటున్నరు కదా, అందుకని ఐదు రోజుల సంతకాలు, ఫొటోలు ఇయ్యాల్నే కానిచ్చేస్తరట. "ఐదు చీరలు తెచ్చుకోండి మేడమ్, అన్ని ఫొటోల్లో ఒకటే ఉంటే బాగుండదు" అని ప్రిన్సిపాల్ సారు ఫోన్ చేసి మరీ చెప్పిండు. మగసార్లకేంది, అంగీ మారిస్తే అయిపాయె. ఆడోళ్లం తొమ్మిది మందిమి, అందరికీ ఒక్కటే గది. ఇయ్యాల మేము నేర్చుకునేది చీర కట్టుడే.

నాయి నాలుగే మంచిగున్నయి. ఐదోది నీ బీరువాల తీసుకున్న, మీ తల్లిగారింట్ల మీ అన్న పెట్టిన గంధం రంగుది. అడుగుదామంటే నువ్వు పాలకు పోయినవు. కొంగు కాలిన చోటు ఫొటోల కనబడకుండ మడుస్త. దాన్ని ఐదో రోజుకు కడత. ఆ రోజు పాఠం 'వృత్తిలో నిజాయితీ'.

సరిత

ఇంకో మాట. ఆ కొంగు కాల్చింది మొగులయ్య కాదు. నీకు చెప్పకుండ కట్టుకుందామని నేనే ఇస్త్రీ చేసిన. గేటు కాడ ఆయనను నువ్వు తిడుతుంటే లోపల్నే ఉండి విన్న. ఐదో రోజు పాఠం ఎట్లాగూ జరగదు. అందుకే చీటీల చెప్తున్న.