మామ్మ వాళ్ళమ్మ పేరు

ధహ్రాన్

అక్కకు,

నీ కాళ్ళకు దణ్ణం పెట్టి చెల్లెలు రాస్తున్నాను. ఇక్కడ ఈ అరబ్బు దేశంలో నేను కులాసా. నువ్వు, బావగారు, పాప ఎలా ఉన్నారు? ఫోన్లో నా మాట నీకు సరిగ్గా వినపడటం లేదని పాప చెప్పింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను, తీరిగ్గా చదువుకో.

ఎండలు ముదిరాయి. సముద్రం దగ్గరేగానీ మన యానాం గాలి కాదు, ఒట్టి ఆవిరి. ఇంట్లోకొస్తే ఏసీ చలికి శాలువా కప్పుకోవాలి. పని కష్టమేమీ కాదు, బెంగ పెట్టుకోకు. వంట, ఇస్త్రీ, మేడమ్ గారి పిల్లల్ని చూసుకోవడం, అంతే. తిండికీ లోటు లేదు. శుక్రవారం అందరూ బయటికి వెళ్ళాక పులుసు పెట్టుకుని ఒక్కదాన్నే తింటాను. అప్పుడు మాత్రం గోదారి గట్టు, మామ్మ చేతి చేపల కూర గుర్తొచ్చి ముద్ద దిగదు.

మేడమ్ లూయీజ్ గారిది కెనడా. ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచి. మొదటిరోజు ఆవిడ "బొంజూర్" అంటే నేనూ "బొంజూర్" అన్నాను. ఆశ్చర్యపోయింది. మా ఊరూ ఒకప్పుడు ఫ్రెంచి దొరలదేనండీ, మా మామ్మ పొద్దున్నే అందర్నీ అలాగే పలకరించేది అని చెప్పాను. అప్పట్నుంచీ నాతో చనువు.

ఆవిడ చాలాకాలంగా తమ వంశం ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుకుతోంది. వాళ్ళ నాన్నగారు మంచాన ఉన్నారు. ఫ్రాన్సు నుంచి మొదట వచ్చిన తమ పూర్వీకుడు ఓడ కెప్టెన్ అని ఆయన జీవితమంతా గొప్పగా చెప్పుకున్నారట. ఆ కెప్టెన్‌ది ఏ ఊరో పోయేలోపు తెలుసుకోవాలని ఆయన కోరిక.

పోయినవారం నేను చపాతీలు ఒత్తుతుంటే ఆవిడ వంటింట్లోకొచ్చి కుర్చీలో కూలబడింది. పాత కాగితాల్లో చూస్తే కెప్టెనూ లేడు, ఎవరూ లేరట. మొదట వచ్చింది మార్గరీత్ అనే అనాథ పిల్ల. అప్పట్లో ఫ్రాన్సు రాజు అలాంటి ఆడపిల్లల్ని ఓడెక్కించి, కెనడాలో స్థిరపడ్డ తమవాళ్ళకు పెళ్ళాలుగా పంపేవాడట. ఈ పిల్ల దిగిన కొద్దిరోజులకే ముక్కూమొహం తెలియని రైతును చేసుకుంది.

"నాన్నకెలా చెప్పను సత్యా? తట్టుకోలేడు" అంది.

నాకొచ్చిన ఇంగ్లీషులో అన్నాను: "చెప్పెయ్యండి మేడమ్. అంత చిన్నపిల్ల ఒక్కర్తీ సముద్రం దాటొచ్చి మీ ఇల్లు నిలబెట్టింది. ఆవిణ్ణి దాచేస్తే ఎలాగండీ?"

అక్కడే కూర్చుని ఫోన్ చేసింది. అంతా విన్నాక అవతల నుంచి ముసలాయన ఏదో అడిగారు. మేడమ్ జవాబు చెప్తూ ఏడ్చేసింది. ఏమడిగారని తర్వాత అడిగాను.

"ఆ పిల్లకి తోడెవరైనా వచ్చారా అన్నాడు. ఎవరూ రాలేదని చెప్పాను."

ఆదివారం చర్చిలో మార్గరీత్ పేరున ప్రార్థన చేయించమన్నారట. కెప్టెన్ మాట ఇక ఎత్తలేదట.

కళ్ళు తుడుచుకుని మేడమ్ నన్నడిగింది: "మీ మామ్మ వాళ్ళమ్మ పేరేంటి సత్యా?"

నాకు తెలీదండీ అన్నాను అక్కా. మామ్మ వాళ్ళ నాన్న దొరల కచేరీలో దుబాసీ అని, ఆయన తలపాగా, ఆయన కోపం, అన్నీ మనకు తెలుసు. ఆయన పెళ్ళాం పేరు మాత్రం మనకెవరూ చెప్పలేదు, మనం అడగలేదు. ఒకసారి మామ్మ నీకు జడ వేస్తూ, "మా అమ్మని ఎక్కణ్ణుంచో బండెక్కించి తెచ్చేరే. మళ్ళీ పుట్టింటి మొహం చూళ్ళేదు పాపం" అంది. గుర్తుందా? ఆ బండి ఏ ఊరి నుంచి వచ్చిందో కూడా తెలీదు. ఆరోజు నుంచీ నాకు అదే ధ్యాస.

బావగారికి నా నమస్కారాలు, పాపకు ముద్దులు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త మాగాయ పంపు. నా గురించి దిగులుపడకు, బాగానే ఉన్నాను. నీ దీవెన ఉంటే చాలు.

ఒక్కసారి తాళ్ళరేవు వెళ్ళి మామ్మ చెల్లెల్ని చూసిరా అక్కా. ఆవిడిప్పుడు ఎవర్నీ గుర్తుపట్టడం లేదన్నావు. ఫర్వాలేదు, పక్కన కూర్చుని మెల్లగా అడుగు. మనందర్నీ మర్చిపోయినా వాళ్ళమ్మని మర్చిపోయి ఉండదు.

నీ చెల్లి,
సత్యవతి